మనవలు చేత్తో పట్టుకొని ఆడుకోగల పశువుల పాక: కొయ్య బొమ్మల సెట్‌పై సమీక్ష

క్రిస్మస్‌కు ఇంటికి వచ్చే మనవలు, మనవరాళ్ల కోసం కొన్న, యేసు పుట్టిన పశువుల పాకను చూపే కొయ్య బొమ్మల సెట్ గురించి ఇది రాస్తున్నాను. అలంకరణకు పెట్టే పాకలు సాధారణంగా మట్టివో, ప్లాస్టర్‌వో అయి ఉంటాయి కనుక, తగిలితే విరుగుతాయన్న భయంతో పెద్దవాళ్లు పిల్లలను వాటి దరిదాపులకు రానివ్వరు. పండుగకు మూలమైన కథంతా బల్ల మీద కళ్లకు కట్టినట్టు ఉంటుంది కానీ, ఆ కథ ఎవరికి చెప్పాలో ఆ పసివాళ్లే దాన్ని తాకకూడదు. ఈ సెట్‌ను పిల్లల చేతుల కోసమే తయారు చేశారు. నేను దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే.

పాకతో పాటు 15 బొమ్మలు వస్తాయి: మరియ, యోసేపు, తొట్టెలో పడుకున్న శిశువు, ఒక దేవదూత, ఇద్దరు గొల్లలు, ముగ్గురు జ్ఞానులు, ఎద్దు, గాడిద, ఒంటె, మూడు గొర్రెలు. అడుగు భాగం వెడల్పుగా ఉండడం వల్ల నిలబెట్టిన బొమ్మ చెయ్యి తగిలినంత మాత్రాన పడిపోదు. అంచులన్నీ నున్నగా అరగదీశారు. ఎక్కడా పేడు లేచి గుచ్చుకునే ప్రమాదం కనబడలేదు. మా చిన్న మనవడు గాడిద చెవిని చాలాసేపు నోట్లో పెట్టుకొని నమిలాడు; కొయ్య మీద పంటిగాట్లు పడ్డాయి గాని రంగు మాత్రం పెచ్చులూడలేదు, తడి గుడ్డతో తుడిచినా గుడ్డకు అంటలేదు. శిశువును తొట్టె నుంచి వేరు చేయడానికి వీలు లేకుండా ఒకే కొయ్య ముక్కలో చెక్కారు. బాలయేసును ఎత్తుకోవాలని పిల్లలు ముచ్చటపడతారు కనుక ఇది కొంత లోటుగా అనిపించవచ్చు, కానీ అంత చిన్న బొమ్మను విడిగా చేసి ఉంటే పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని దాచిపెట్టవలసి వచ్చేది. ఈ విషయంలో తయారీదారులు సరైన నిర్ణయమే తీసుకున్నారని నా అభిప్రాయం.

అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అందరూ ఒక్కచోట చేరినప్పుడు ఈ సెట్ విలువ బాగా తెలుస్తుంది. పెద్ద మనవరాలు లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతుంటే, తక్కినవారు తలొక బొమ్మ పట్టుకొని తమ వంతు వచ్చినప్పుడు దాన్ని పాక దగ్గరికి నడిపించారు. ఊరికే కూర్చోబెట్టి చదివితే రెండు నిమిషాలు కుదురుగా ఉండని పిల్లలు, చేతిలో గొల్లవాడు ఉన్నందుకు దేవదూత మాట కోసం చెవులు రిక్కించి విన్నారు. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డి వేసిన తొట్టెను తెచ్చి క్రిస్మస్ జరిపినప్పుడు ఆయన ఉద్దేశం కూడా ఇలాంటిదే. బేత్లెహేములో ఆ శిశువు పడిన ఇబ్బందిని జనం కళ్లారా చూడాలని ఆయన కోరుకున్నాడు.

జ్ఞానులు ముగ్గురని మత్తయి సువార్తలో ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే మూడు కానుకలను బట్టి ముగ్గురన్న సంప్రదాయం స్థిరపడింది. ఈ సంగతి కాస్త పెద్ద పిల్లలకు చెబితే వెంటనే గ్రంథం తెరిచి తామే వెతుక్కుంటారు. జ్ఞానులను మొదటి రోజే పాకలో నిలబెట్టకుండా దూరంగా ఒక అల్మారా మీద ఉంచి, జ్ఞానులు శిశువును దర్శించిన రోజుగా జరుపుకునే జనవరి 6 నాటికి చేరేటట్టు రోజూ కొంచెం కొంచెం జరపమని పిల్లలకు అప్పగిస్తే, పండుగ ఒక్కరోజుతో ముగిసిపోదు. అయితే ముగ్గురు జ్ఞానులకూ కలిపి ఒకే ఒంటెను ఇవ్వడం బాగాలేదు. ఒకే వయసు పిల్లలు నలుగురైదుగురు ఉన్న ఇంట్లో తగవులన్నీ దాని కోసమే వస్తాయి.

నేను గట్టిగా అభ్యంతరం చెప్పవలసినది నక్షత్రం విషయంలో. పాక కప్పు మీద అమర్చే ఈ నక్షత్రంలో చిన్న దీపం ఉంది. అది బటన్ బ్యాటరీతో వెలుగుతుంది. పిల్లల బొమ్మల్లో బ్యాటరీ ఉన్న అరకు మర బిగించి, పనిముట్టు లేనిదే తెరుచుకోకుండా చేయాలి. ఇందులో మూత గోటితో లాగితే ఊడి వచ్చింది. బటన్ బ్యాటరీని మింగిన పిల్లల గొంతులో అది ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది; కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. నేను బ్యాటరీ తీసేసి దీపం లేకుండానే నక్షత్రాన్ని అమర్చాను. పిల్లలెవరూ వెలుగు లేదని అడగలేదు. ఇంకో సంగతి, సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదన్నది భద్రతా ప్రమాణాల్లోని నియమం. గొర్రెల్లో అన్నిటికన్నా చిన్నది అంత వెడల్పు గొట్టంలో సులువుగా జారిపోయింది. మూడేళ్లు దాటినవారికే అని పెట్టె మీద రాసినా, అన్ని వయసుల పిల్లలూ కలిసి ఆడే ఇంట్లో ఆ రాతను నమ్ముకొని ఊరుకోలేము. ఆ గొర్రెను, బ్యాటరీని తీసి పెద్దవారి దగ్గర పెట్టుకున్నాకే మిగిలినవి పిల్లల ముందు పెట్టాలి.

పదేళ్లు దాటిన పిల్లలు మాత్రమే ఉన్న కుటుంబానికి ఇది అంతగా నప్పదు. వాళ్లకు సొంతంగా అట్టతో పాక కట్టుకునే అవకాశమిస్తే ఎక్కువ సంతోషిస్తారు. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలుంటే, ఆ చిన్న గొర్రెను, బ్యాటరీని ముందే తీసేసే షరతు మీద తీసుకోవచ్చు. పాక విడదీసి మడవడానికి కుదరదు కనుక అటక మీద దానికి కొంత చోటు చూసుకోవాలి. బొమ్మలను విడివిడిగా కూడా అమ్ముతున్నారు. నేను మరో రెండు ఒంటెలకు ఆర్డర్ పెట్టాను.