ఐసీయూలో మనిషి ఉంటే గుంటూరులో ఉండిపోవడమా, రోజూ ఊరి నుంచి తిరగడమా?

నాన్నకి మెదడులో నరం చిట్లి గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చేనాటికి మా కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి, ఇంటి దగ్గర ఒక పాడిగేదె. మొదటి రెండు రోజులు అందరం గుంటూరులోనే ఉన్నాం, ఎవరికీ ఏమీ తోచలేదు. మూడోరోజు పొద్దున్నే పక్కింటి అత్త ఫోన్: "ఒరే అబ్బాయ్, మీ గేదె నన్ను దగ్గరికే రానియ్యట్లేదురా." ఆ ఫోన్ తర్వాతే ఎవరుండాలి, ఎవరెళ్ళాలి అని లెక్కలు మొదలుపెట్టాం.

రోజూ తిరగడం చూడ్డానికి చవక. మాది ప్రత్తిపాడు దాటాక, పర్చూరు బస్సుకి గంట పైనే. ఆడవాళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే డబ్బులు లేని టికెట్ కొడుతున్నారు కాబట్టి అమ్మకీ వదినకీ ఆ ఖర్చు కూడా లేదు. ఇంటి నుంచే క్యారేజీ వస్తుంది, కర్రీ పాయింట్ కూరల కారంతో కడుపు పాడుచేసుకునే పని ఉండదు. రాత్రికి ఎవరింట్లో వాళ్ళు పడుకోవచ్చు. ఐసీయూలోకి పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలే పంపిస్తారు కదా, మిగతా టైమంతా ఆ ఇనప కుర్చీల్లో కూర్చుని ఏం చేస్తాం అని అన్నయ్య వాదన. నాకూ నిజమే అనిపించింది.

అయిదోరోజుకి తేలిపోయింది. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి ఎనిమిదిన్నరకే వచ్చి, గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వెయ్యాలి, సంతకం పెట్టండి అన్నాడట. బయట నర్సు "పేషెంట్ తాలూకు ఎవరండీ" అని పిలుస్తుంటే మావాళ్ళెవరూ లేరు, అన్నయ్య ఇంకా బస్సులో ఉన్నాడు. నష్టమేమీ జరగలేదు, ఆపరేషన్ మధ్యాహ్నానికి మారింది, అంతే. కానీ ఫోన్లో వచ్చీరాని సిగ్నల్లో ఆ మాట విని, పక్కవాళ్ళు చూస్తుండగా బస్సులోనే ఏడ్చేశాడు మా అన్నయ్య. మందుల చీటీ కూడా ఎప్పుడిస్తారో తెలీదు, అర్ధరాత్రి రెండింటికి కూడా ఇస్తారు.

అలాగని అందరం గుంటూరులో మకాం పెట్టడం ఇంకా పొరపాటు. గదికి మాకు రోజుకి 600 అయింది, భోజనాలు వేరే. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) వర్తిస్తే వైద్యం ఖర్చు తగ్గుతుంది గానీ ఈ గది అద్దె ఎవరూ ఇవ్వరు. వర్తిస్తుందో లేదో చేర్చిన రోజే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే వైద్యమిత్రని అడగండి, మేం ఆలస్యంగా అడిగాం.

ఇక గేదె సంగతి. పాలు పొదుగులోనే ఉంటాయి, కానీ కొత్త చెయ్యి తగిలితే బెదిరి చేపదు. అత్త చివరికి మా అమ్మ పాత చీర చుట్టుకుని, దాణా ముందు పెట్టి కూర్చుంటే గానీ ఒక లీటరున్నర రాలేదు, అది రోజుకి నాలుగు లీటర్ల గేదె. పాలు దిగకుండా పొదుగులోనే నిలిచిపోతుంటే పొదుగువాపు వస్తుందని ఇంకో భయం. కళ్ళంలో కాయల మీద రాత్రి మంచు పడకుండా పట్టా కప్పాలి, పొద్దెక్కాక తియ్యాలి, అది ఎవరైనా చెయ్యగలరు. గేదె దగ్గర మాత్రం అమ్మే ఉండాలి.

కాబట్టి నన్నడిగితే రెండూ కాదు. ఒక్క మనిషి గుంటూరులో పాతుకుపోవాలి, అది కూడా రోజుకొకరు మారకుండా కనీసం నాలుగు రోజులు ఒకరే. రోజూ మారితే డాక్టరు నిన్న ఏమన్నాడో ఇవాళ వచ్చినవాడికి తెలీదు. మేం ఒక లాంగ్ బుక్ పెట్టుకున్నాం: డాక్టరు మాటలు, మందుల బిల్లులు, ఎవరు ఎంత అప్పిచ్చారు, అన్నీ అందులోనే. అన్నయ్య నాలుగు రోజులు, నేను నాలుగు రోజులు. అమ్మ పొద్దున పాలు కేంద్రంలో పోసేసి పది గంటల బస్సుకి క్యారేజీ తెచ్చి, నాన్నని చూసి, సాయంత్రం పాల వేళకి ఊళ్ళో ఉండేది. రాత్రిళ్ళు ఉంటానని గొడవ చేసింది, మేం ఒప్పుకోలేదు, ఆవిడక్కూడా బీపీ ఉంది. పరామర్శకి వచ్చేవాళ్ళు హార్లిక్స్ సీసాలు తెస్తారు, గొట్టంతో పాలు పోస్తున్న మనిషికి అవెందుకో. మొహమాటపడకుండా ఒకరిద్దరికి కళ్ళం పని అప్పజెప్పండి, వాళ్ళూ ఆ మాట కోసమే చూస్తుంటారు.

పద్దెనిమిదోరోజు వార్డుకి మార్చారు. గొంతులో గొట్టంతో మాట లేదు, కుడిచెయ్యి రాదు. అమ్మని చూసి నాన్న ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, పాలు పితికినట్టు వేళ్ళు ఆడించాడు.

"నాలుగు లీటర్లయ్యా, ఎప్పట్లాగే" అంది అమ్మ.

రెండున్నరే ఇస్తోంది అప్పటికి.