సెమిస్టర్ల నడుమ మూడు వారాల కోర్సులు: పన్నెండేళ్లు పాటించాక ఆ నియమావళిపై సమీక్ష

రెండు సెమిస్టర్ల మధ్య సెలవుల్లో మూడు వారాల కోర్సులు నడపడానికి మా విశ్వవిద్యాలయం చేసిన నియమావళి కింద నేను 12 ఏళ్లుగా బోధిస్తున్నాను. గణాంకశాస్త్ర ప్రవేశిక తొమ్మిదిసార్లు, వ్యాసరచన రెండుసార్లు చెప్పాను. ఒక ఏడాది విద్యార్థుల సంఖ్య చాలక కోర్సు రద్దయింది. మధ్యలో మూడేళ్లు కొత్త ప్రతిపాదనలను పరిశీలించే కమిటీలోనూ ఉన్నాను కనుక, దరఖాస్తు పెట్టుకునేవారి ఇబ్బందీ, దాన్ని ఆమోదించేవారి ఇబ్బందీ రెండూ నాకు తెలుసు.

ఈ నియమావళికి ఆయువుపట్టు గంటల లెక్క. సెమిస్టర్‌లో మూడు క్రెడిట్ల (క్రెడిట్ అంటే కోర్సు పరిమాణానికి కొలమానం) కోర్సుకు వారానికి 50 నిమిషాల తరగతులు మూడు చొప్పున 15 వారాలు జరుగుతాయి. అంటే మొత్తం 2,250 నిమిషాలు, ముప్పై ఏడున్నర గంటలు. దాన్ని 15 పనిదినాలకు సర్దితే రోజుకు రెండున్నర గంటలవుతుంది. ఇందులో ఏమాత్రం తగ్గినా ఆమోదించరాదన్న నిబంధన మొదట్లో నాకు చాదస్తంగానే తోచింది. కమిటీలో కూర్చున్నాక దాని విలువ తెలిసివచ్చింది. అదే సిలబస్‌ను పది రోజుల్లో ముగిస్తామంటూ వచ్చిన ప్రతిపాదనలను, పెట్టినవారు ఎంత పెద్దవారైనా, మొహమాటం లేకుండా వెనక్కి పంపగలిగామంటే ఆ ఒక్క వాక్యం అండగా ఉండబట్టే.

అయితే తరగతి గంటలు లెక్కలో ఒక భాగమే. అమెరికాలో 2011 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిర్వచనం ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట తరగతితోపాటు కనీసం రెండు గంటల సొంత చదువును కూడా కలిపి చెబుతుంది. ఐరోపా క్రెడిట్ పద్ధతి విద్యార్థి చేసే మొత్తం పనిని లెక్కగట్టి క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు అంటుంది. మా నియమావళిలో ఆ సొంత చదువు ఊసే లేదు. అమెరికా లెక్కనే తీసుకుంటే మూడు క్రెడిట్లకు 90 గంటల సొంత చదువు కావాలి. అది 15 రోజులకు రోజుకు ఆరు గంటలు, శని ఆదివారాలను కలుపుకున్నా నాలుగు గంటల పైమాటే.

ఆ గంటలు లేకపోతే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. మొదటి నాలుగేళ్లు విభాగాధిపతి అనుమతి ఉంటే ఒకేసారి రెండు కోర్సులు తీసుకోనిచ్చేవారు. ఉదయం నా తరగతికీ మధ్యాహ్నం మరో తరగతికీ వెళ్తున్న ఒక విద్యార్థి నోటుపుస్తకాన్ని రెండో వారంలో అడిగి తీసుకున్నాను. ప్రామాణిక విచలనం మీద ఇచ్చిన లెక్కల్లో మొదటి మూడింటికి ప్రతి మెట్టూ రాశాడు. నాలుగో లెక్క నుంచి జవాబులు మాత్రమే ఉన్నాయి. ఆరో రోజు తర్వాతి పేజీల్లో పైన తేదీ వేసి ఉంది, కింద ఏమీ లేదు. చురుకైన కుర్రవాడే, కానీ అతని రోజులో గంటలు మిగల్లేదు. ఐదో ఏడాది నుంచి ఎవరికైనా ఒకే కోర్సు అని నియమం మార్చారు. ఈ నియమావళికి ఇంతవరకూ జరిగిన సవరణలన్నింటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే.

హాజరు నిబంధనను మాత్రం సెమిస్టర్ నుంచి ఆలోచించకుండా దించుకున్నారు. 75 శాతం చాలు కాబట్టి 15 రోజుల్లో మూడు రోజులు మానవచ్చు. కానీ ఇక్కడ ఒక రోజంటే సెమిస్టర్‌లో ఒక వారం. జ్వరంతో రెండు రోజులు రాలేకపోయిన ఒక అమ్మాయి తిరిగి వచ్చేసరికి సంభావ్యత అధ్యాయం పూర్తయిపోయింది. హాజరు పట్టీలో ఆమెకు ఏ లోటూ లేదు, పాఠంలో మాత్రం రెండు వారాలు వెనకబడింది. నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. అది అధ్యాపకుల దయమీద వదిలేయవలసిన విషయం కాదు; పోయిన తరగతిని తిరిగి చెప్పే ఏర్పాటు నియమంలోనే ఉండాలి. కోర్సు వదులుకునే గడువుదీ ఇదే తీరు. నాలుగో వారాన్ని నాలుగో రోజు చేశారు, నిష్పత్తి సరిగ్గానే ఉంది. కానీ అప్పటికి విద్యార్థి చేతికి ఒక్క మార్కూ రాదు. అందుకే నేను రెండో రోజే చిన్న పరీక్ష పెట్టి మూడో రోజు పొద్దున పేపర్లు ఇచ్చేస్తున్నాను.

అన్నింటికన్నా పెద్ద లోపం, ఏ విషయాన్ని ఇలా కుదించవచ్చో నియమావళి అడగకపోవడం. గణాంకశాస్త్రం కుదింపును తట్టుకుంటుంది. ఈరోజు చెప్పింది రేపటికి మరవకముందే సాధన చేయించవచ్చు కాబట్టి కొన్ని అధ్యాయాలు సెమిస్టర్‌లోకంటే బాగా వంటబట్టాయి కూడా. వ్యాసరచన అలా కాదు. మొదటి చిత్తుప్రతి మీద వ్యాఖ్యలు రాసి సాయంత్రం ఇస్తే, మర్నాడు వచ్చిన రెండో ప్రతిలో అక్షరదోషాలు దిద్ది ఉండేవి, వాదన మాత్రం ఉన్నచోటే ఉండేది. రాసినదాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి పరాయివాళ్ల కళ్లతో చదివితే తప్ప అందులోని లొసుగు కనిపించదు. ఆ వ్యవధి సెమిస్టర్‌లో దానంతటదే దొరుకుతుంది. ఇక్కడ గంటలెన్ని ఇచ్చినా దొరకదు. అమెరికాలోని కొలరాడో కాలేజీలో 1970 నుంచి విద్యార్థులు ఒకసారికి ఒకే కోర్సును మూడున్నర వారాలు చదువుతున్నారు. అక్కడ ఏడాది పొడవునా అదే పద్ధతి కనుక కోర్సును ఆ వ్యవధికి తగ్గట్టే తయారుచేసుకుంటారు. మా దరఖాస్తు పత్రమేమో సిలబస్ సెమిస్టర్‌లోనిదేనని హామీ అడుగుతుంది తప్ప, ఈ మూడు వారాల కోసం ఏం మార్చారని అడగదు.

మిగతావాటిలో, కనీస సంఖ్య చాలకపోతే రద్దు చేసే అధికారం సబబే కానీ, ఆ నిర్ణయం తరగతులకు కనీసం రెండు వారాల ముందు వెలువడాలి. మా కోర్సును రెండు రోజుల ముందు రద్దు చేశారు. అప్పటికే విద్యార్థులు సెలవుల ఏర్పాట్లన్నీ మానుకుని ఉన్నారు. గ్రేడ్లు 72 గంటల్లో ఇవ్వాలన్నది కష్టమే అయినా న్యాయమైన నిబంధన. తర్వాతి సెమిస్టర్‌లో పై కోర్సుకు నమోదు కావాలంటే ఆ గ్రేడు కావాలి.

మూడు వారాల కోసం సిలబస్‌లో ఏం మార్చారన్న ప్రశ్నను దరఖాస్తు పత్రంలో చేర్చమని కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను. వచ్చే సెలవులకు గణాంకశాస్త్రం చెబుతానని ప్రతిపాదన పంపాను. వ్యాసరచనను మాత్రం సెమిస్టర్‌లోనే చెబుతాను.