స్టేజీ మీదా, ప్రజావాణి లైన్లోనా: పాలమూరు, నల్లగొండ విశ్వాసుల గొంతు ఎక్కడుంటే మేలు?

క్రైస్తవ సంఘం సమాజం గురించి మాట్లాడాలా అని అడిగితే మన దగ్గర కాదనేవాళ్లు తక్కువ. ఎట్లా మాట్లాడాలి అన్న దగ్గరే తేడాలొస్తాయి. దేవరకొండ నుంచి మక్తల్ దాకా ఏ ఊరి సంఘంలో కదిలించినా మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. మన పని ప్రార్థన, సేవ, మిగిలింది దేవుడు చూసుకుంటాడు అనేది ఒకటి. నాయకులతో మంచిగుంటేనే పనులవుతాయి, వాళ్ల పక్కన మన పాస్టర్లు కనబడాలి అనేది ఇంకొకటి. ఊరోళ్లందరితో కలిసి కాగితం పట్టుకుని ఆఫీసుకు, సోమవారం సోమవారం కలెక్టరేట్లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి, పోవాలి అనేది మూడోది. ఈ మూడో మాట అనేవాళ్లు కొద్దిమందే, అన్నా గట్టిగా అనరు. నా ఓటు దానికే, అయితే ఒక షరతుతో.  

ప్రార్థన, సేవ

ఈ దారిని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనలో ఎవరికీ లేదు. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన బాప్టిస్టు మిషనరీలు, ఆ తర్వాత దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు పనిచేసిన మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్లు రాజకీయాలు మాట్లాడింది తక్కువ. బడి, దవాఖాన, బైబిలు, అంతే. జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో కాన్పయిన ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. దొర గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేత పట్టుకోవాల్సిన రోజుల్లో, వాడలో ఒక పిల్లగాడు పలక మీద తన పేరు తానే రాసుకోవడం చిన్న సంగతి కాదు. వెట్టిచాకిరీ నడుస్తున్న నేల మీద ఆ పలకే ఒక ప్రశ్న. ఎవరూ ప్రసంగం చెయ్యకుండానే దొరకు అది అర్థమైంది కూడా.

కానీ సేవకు ఒక హద్దుంది. అది తెలియాలంటే నల్లగొండ నీళ్లను మించిన ఉదాహరణ లేదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోర్లలో అంతకు కొన్ని రెట్లు ఉండేది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసి, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టింది. పేరు దేశాలు దాటింది. మన ఊళ్లలో మాత్రం దశాబ్దాల పాటు అవే నీళ్లు.

స్వస్థత కూటాలకు కాళ్లు వంకరపోయిన పిల్లలను ఎత్తుకుని తల్లులు వచ్చేవాళ్లు. పాస్టర్ గారు ఆ పిల్లల మోకాళ్ల మీద నూనె రాసి, గొంతు పూడుకుపోయేదాకా ప్రార్థన చేసేవారు. ఆ కన్నీళ్లలో నటన లేదు. కూటం అయిపోయాక ఆ తల్లి తిరిగి ఇంటికి పోయి అదే బోరు కింద అదే బిందె పెట్టేది. ఫ్లోరైడ్‌తో ఒకసారి వంగిన ఎముక మందుకు లొంగదు. ఇంకో పిల్ల కాళ్లు వంగకుండా ఆపగలిగేవి మంచినీళ్లే. ఆ నీళ్ల గురించి గట్టిగా అడుగుదాం అన్న మాట నేను కూర్చున్న కూడికల్లో ప్రార్థన అంశాల దాకా వచ్చింది, అక్కడి నుంచి గడప దాటలేదు.

అడిగినవాళ్లు వేరే ఉన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత తయారైంది. గెలుస్తామని ఎవరూ వెయ్యలేదు. మా నీళ్ల గోస దేశం చూడాలని వేశారు. ప్రవక్త యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని యెరూషలేములో అందరి ముందూ నిలబడ్డాడని చదువుకుంటాం కదా, ఇదీ ఆ కోవలోకే వస్తుంది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారంటే ఢిల్లీకి బాగానే వినబడిందన్నమాట. ఆ ఉద్యమం పుట్టింది మందిరాల్లో కాదు. ప్రవక్తల గ్రంథాలు ప్రతి ఆదివారం చంకలో పెట్టుకుని పోయే మనకు ఈ సంగతి కొంచెమైనా గుచ్చుకోవాలి.

నాయకుల పక్కన

డిసెంబరు వస్తే ఈ దారి కళకళలాడుతుంది. రాష్ట్రం వచ్చాక క్రిస్మస్ విందులు, బట్టల పంపిణీ సర్కారు కార్యక్రమాలే అయ్యాయి. ఫంక్షన్ హాల్లో ముందు వరుస కుర్చీలు, ఎమ్మెల్యే గారితో కేక్ కటింగ్, పాస్టర్ల ఫెలోషిప్ అధ్యక్షుడికి శాలువా, సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్. నవ్వి వదిలేసేంత తేలిక విషయం కూడా కాదు ఇది. బొందల గడ్డకు స్థలం లేక శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని అవస్థ పడ్డ కుటుంబాలున్నాయి. అట్లాంటప్పుడు ఎమ్మెల్యే ఒక్క ఫోన్ చేస్తే తహశీల్దార్ ఆఫీసులో ఏళ్లుగా కదలని ఫైలు కదులుతుంది. పాలకుల కోసం ప్రార్థన చెయ్యమని పౌలు రాసిందీ నిజమే.

చిక్కు ఎక్కడంటే, ఆ స్టేజీ మీద మనం అడిగే పనుల జాబితా చూడండి: బొందల గడ్డ, మందిరానికి కాంపౌండ్ వాల్, కమ్యూనిటీ హాలు. అన్నీ మనవే. పక్క వాడ సంగతి ఒక్కటీ ఉండదు. ఎన్నికలప్పుడు దీనికి బిల్లు వస్తుంది. బైబిల్లో ఇశ్రాయేలు రాజు అహాబు కొలువులో నాలుగు వందల మంది ప్రవక్తలు రాజుకు నచ్చిన మాటే చెప్పారు. మీకాయా ఒక్కడే వేరుగా చెప్పి జైలు తిండి తిన్నాడు. ఆ నాలుగు వందల మందీ దుర్మార్గులని నేను అనుకోను. రాజు ఇంటి భోజనం రోజూ తింటున్నవాళ్లకు రాజు తప్పు కంటికి ఆనదు, అంతే.

2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉపఎన్నిక గుర్తుందా? డబ్బు, మందు ఎట్లా పారాయో రాయని పత్రిక లేదు. ఆ నెలలో ఎన్ని మందిరాల్లో ఓటుకు నోటు మీద వాక్యం వినబడింది? ఓటుకు వచ్చిన డబ్బులో దశమభాగం కానుక పెట్టెలో పడలేదని ఏ ట్రెజరరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలడా? అదే ఎన్నికలో సువార్తికుడు కె.ఏ. పాల్ స్వయంగా పోటీ చేశారు. వెయ్యి ఓట్లు కూడా రాలేదు. క్రైస్తవ ఓటు అని ఒక మూట ఉంది, బోధకులు దాన్ని ఎత్తి నాయకుడి చేతిలో పెట్టగలరు అనే లెక్క నమ్మేవాళ్లు ఆ ఫలితాన్ని ఒకసారి చూసుకోవాలి. స్టేజీ మీద బేరమాడడానికి మన దగ్గర పెద్ద సరుకేమీ లేదు.

ఊరితో కలిసి

మా దగ్గర ఒక ఊళ్లో మందిరం గోడకు ఆనుకునే ఒక కిరాణా కొట్టు ఉంది. ఫ్రిజ్ వెనక క్వార్టర్ సీసాలు. పొద్దున పాల ప్యాకెట్లతో పాటే ఆ అమ్మకమూ మొదలవుతుంది. సంఘం వాళ్లు ముందు లెటర్‌హెడ్ మీద అర్జీ రాశారు. పైన సిలువ గుర్తు, కింద పాస్టర్ గారి సంతకం, స్టాంపు. ఆరాధనకు ఇబ్బందిగా ఉంది, ఈ బెల్టు షాపు తీసేయించండి అని. కాగితం తీసుకున్న సారు అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి మాట, "మీ చర్చికి పర్మిషన్ ఉందా?" బెల్టు షాపు సంగతి అక్కడితో ఆగింది. పది రోజులు సంఘానికే టెన్షన్.

తర్వాత ఆ సంఘంలోనే ఉన్న ఒక అక్క, పొదుపు సంఘం లీడరు, ఇంకో కాగితం రాయించింది. అందులో మందిరం ఊసే లేదు. ఏ వీధిలో ఎవరింట్లో ఉపాధి కూలి డబ్బులు ఎట్లా పోతున్నాయో, బ్యాంకు లోను కిస్తీలు ఎన్ని నెలలు ఆగాయో, ఇంటర్ చదివే పిల్లగాళ్లు ఎప్పుడు వచ్చి కొంటున్నారో రాసి ఉంది. ముదిరాజుల ఇళ్ల నుంచి, మాదిగ వాడ నుంచి, తండా నుంచి సంతకాలు, వేలిముద్రలు. ఇద్దరు ముస్లిం తల్లులవీ ఉన్నాయి. పాస్టరమ్మ పేరు ఎక్కడో మధ్యలో ఉంది. సోమవారం రెండు ఆటోల్లో కలెక్టరేట్‌కు పోయి ప్రజావాణి లైన్లో నిలబడ్డారు. టోకెన్, కౌంటర్, రసీదు. ఆ రోజు కూలి పోయింది, ఆటో కిరాయి ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఎక్సైజ్ వాళ్లు వచ్చి సీసాలు పట్టుకుని కేసు రాశారు. ఇంకొన్నాళ్లకు వేరే సందులో మళ్లీ మొదలైంది. వాళ్లు మళ్లీ పోయారు.

గెలిచారని చెప్పలేను. రాష్ట్రంలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణాలే 2,620. ఒక్క దరఖాస్తు ఫీజు 2023లో 2 లక్షలుంటే 2025లో 3 లక్షలైంది. లాటరీ తగలకపోయినా అది తిరిగి రాదు. ఇంత రాబడి ఉన్నచోట ఒక ఊరి ఆడవాళ్ల కాగితం బరువెంతో తెలిసిందే. అయినా మొదటి అర్జీకి, రెండోదానికి ఉన్న తేడా చూడండి. మొదటిది మన ఇబ్బంది గురించి, రెండోది ఊరి కష్టం గురించి. అహాబు రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోటలో ప్రవక్త ఏలీయాకు గుంట భూమి లేదు. దావీదు రాజు చంపించిన ఊరియా ప్రవక్త నాతానుకు చుట్టమని ఎక్కడా రాయలేదు. పరాయి వాడికి జరిగిన అన్యాయానికి నోరు తెరిచారు కాబట్టే ఆ గొంతుకు బరువొచ్చింది.

నల్లమల యురేనియం విషయంలోనూ ఇదే చూశాం. 2019లో అమ్రాబాద్ వైపు చెంచులు, రైతులు, విద్యార్థులు, పార్టీలు అందరూ ఒక్కటై వద్దన్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఏ ఒక్క మతం జెండా కింద జరిగినా అంత దూరం పోయేది కాదని నా అనుమానం.

ఇక ఆ షరతు

ముందు మన ఇల్లు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ణి కులాంతర పెళ్లి చేసుకున్నందుకు నరికి చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్య మీద మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం, కొవ్వొత్తులు పట్టుకున్నాం. మంచిదే. అయితే మాల సంఘం పిల్లకు మాదిగ సంఘం పిల్లగాడితో సంబంధం కుదిరితే పెళ్లి పీటల దగ్గరికి ఎంతమంది సంఘ పెద్దలు వస్తారు? రెడ్డి విశ్వాసుల ఇళ్లలో జరిగే కాటేజీ ప్రార్థనకు వాడలోని విశ్వాసులకు పిలుపు ఉంటుందా? కట్నం లెక్క తేలాకే పాస్టర్ గారికి పెళ్లి తేదీ చెప్పడం ఎక్కడ లేదు? ఇవి పక్కన పెట్టి కలెక్టర్ దగ్గరికి నీతి చెప్పడానికి పోతే, మన వాడకు తెలిసిన సంగతి ఆఫీసుకు తెలియకుండా ఉంటుందా?

కుల సర్టిఫికెట్ సంగతి ఇంకా కష్టం. విశ్వాసులు నోరు మూసుకోవడానికి అసలు కారణం భక్తి కన్నా ఇదేనని నా నమ్మకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. చేర్చమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఇప్పటికి మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే. అందుకే ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఇంకో పేరు. బెల్టు షాపు గురించి అడిగినవాణ్ణి నోరు మూయించాలంటే "నీ కుల సర్టిఫికెట్ చూపియ్" అంటే చాలు. కొడుకు ఉద్యోగం, బిడ్డ హాస్టల్ సీటు దాని మీదే ఆధారపడి ఉన్న తండ్రిని ధైర్యం లేదని నేను తప్పుపట్టలేను. చట్టంలోనే అన్యాయం ఉంది. కానీ దాన్ని అడగాల్సిన బరువు ఆ తండ్రి మీద పడేసి, సర్టిఫికెట్‌తో పని లేని పెద్ద పట్నం చర్చిలు, సంపన్న విశ్వాసులు మౌనంగా ఉండడమే నాకు మింగుడుపడదు.

ఏ పనికి ఏ దారి

బొందల గడ్డ లాంటి అవసరం వస్తే ఎమ్మెల్యేను కలవండి, తప్పేం లేదు. శాలువా మాత్రం వద్దనండి. జబ్బు మనిషికి ప్రార్థనా కావాలి, జడ్చర్లకో హైదరాబాద్‌కో తీసుకుపోయే ఆటో కూడా కావాలి. మద్యం, నీళ్లు, భూమి, ఆడపిల్లను దేవత పేరున వదిలే జోగిని ఆచారం లాంటివి ఒక్కరి కష్టాలు కావు. వాటికి మూడో దారి తప్ప నాకు ఇంకోటి కనబడదు. జోగినిగా మార్చడం నేరమని 1988లోనే చట్టం వచ్చింది. నారాయణపేట వైపు అది అమలవుతోందా అని గ్రామసభలో లేచి అడగడానికి ఏ లెటర్‌హెడ్ అక్కర్లేదు.

పాస్టర్ గారిని ముందు నిలబెట్టకండి. మందిరం స్థలం, కరెంటు మీటరు, ఇంటి అద్దె అన్నీ ఆయన మెడకు చుట్టి ఉంటాయి. ఎవరైనా ఆయన్నే ముందు పట్టుకుంటారు. పొదుపు సంఘం అక్క, ఆటో నడిపే తమ్ముడు, రిటైరైన టీచరు ముందుండాలి. ప్రవక్త ఆమోసు కూడా గొర్రెలు మేపుకునే మనిషే, బేతేలు గుళ్లో జీతగాడు కాదు. అర్జీలో ఒకే సమస్య రాయండి, తేదీలు, ఇళ్లు, నష్టం ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. సోమవారం పొద్దున్నే పోయి రసీదు తీసుకుని, నెల తర్వాత అదే నంబరుతో మళ్లీ పోండి. ఆ నంబరు ఎక్కడిదాకా వచ్చిందో ఆదివారం ప్రకటనల్లో, కానుకల లెక్కతో పాటే చదివి వినిపించండి.