2,60,000 కిలోమీటర్ల తర్వాత కూడా పాత ప్రియస్‌నే ఎందుకు ఉంచుకున్నానంటే

2011లో కొత్తగా కొన్న మూడో తరం టొయోటా ప్రియస్ మాది. ఇది హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉన్న కారు. పద్నాలుగేళ్లలో 2,60,000 కిలోమీటర్లు తిరిగింది. దీన్ని ఇచ్చేసి కొత్త ప్రియస్ తీసుకుందామా అని ఆర్నెల్లుగా ఇంట్లో ఒకటే చర్చ. మా బావగారి దగ్గర ఆ కొత్తది, అంటే ఐదో తరం మోడల్ ఉంది. ఆయన ఊరెళ్తూ పదిరోజులు దాన్ని నా చేతికిచ్చారు. రోజూ తిరిగే దారుల్లోనే రెండూ మార్చి మార్చి నడిపాను.

అందరూ ముందు అడిగేది మైలేజీ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల్లో నా కారు 50 ఎంపీజీ (గ్యాలనుకు మైళ్లు), కొత్తది 57. అంటే లీటరుకు 21 కిలోమీటర్లు, 24 కిలోమీటర్లు. నేను ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి కొత్తదానితో మిగిలేది దాదాపు 100 లీటర్లు. నా కారు ట్యాంకు 45 లీటర్లు. ఏడాదంతా తిరిగితే రెండు ట్యాంకుల పైచిలుకు ఆదా అన్నమాట. దీనికి ముందు నా దగ్గరున్న మామూలు పెట్రోలు కారు లీటరుకు 11 ఇచ్చేది. దాన్నుంచి ప్రియస్‌కి మారినప్పుడు ఏడాదికి 800 లీటర్లకు దగ్గరగా మిగిలాయి. హైబ్రిడ్ నుంచి హైబ్రిడ్‌కి మారితే అంత లాభం మళ్లీ రాదు. మైలేజీ కోసమే మారుస్తామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోండి.

అసలు భయం బ్యాటరీ గురించి. ఇందులో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. 28 మాడ్యూళ్లు (చిన్న బ్యాటరీ పెట్టెలు), ఒక్కోదానిలో ఆరు సెల్స్, మొత్తం 201.6 వోల్టులు. నాలుగేళ్ల కిందట ఒక ఎండాకాలం వెనక సీటు పక్కనుంచి ఫ్యాన్ హోరు మొదలైంది, ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగింది. చూపించిన మొదటి వర్క్‌షాపులో బ్యాటరీ మొత్తం మార్చాల్సిందే అన్నారు. మనసొప్పక ఇంకో మెకానిక్‌కి చూపించాను. ఆయన మొదట చూసింది బ్యాటరీని కాదు, దానికి చల్లగాలి వెళ్లే దారిని. దుమ్ము, మా కుక్క వెంట్రుకలు కలిసి ఫిల్టరు మీద మందంగా పేరుకుపోయి ఉన్నాయి. అక్కడ ఒక ఫిల్టరు ఉందని, దాన్ని శుభ్రం చేయాలని నాకు పదేళ్లపాటు తెలియలేదు. తప్పు పూర్తిగా నాదే. శుభ్రం చేశాక లైటు మళ్లీ వెలగలేదు.

కానీ అన్నేళ్ల వేడి ఊరికే పోదు కదా. బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోన్‌లో బ్యాటరీ వోల్టేజీలు చూడటం అలవాటు చేసుకున్నాను. కారు కంప్యూటరు ఆ 28 మాడ్యూళ్లను రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూస్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అన్ని బ్లాకుల వోల్టేజీ దాదాపు కలిసి పడాలి. నా కారులో నడిమి బ్లాకులు రెండు మిగతావాటి కంటే ముందే పడిపోతున్నాయి. గాలి తక్కువగా ఆడేది నడిమి మాడ్యూళ్లకే, ముందు అలిసేదీ అవే. ఆ రెండు బ్లాకులూ తీసేసి వేరే పాత మాడ్యూళ్లు పెట్టిస్తే చవక అని కొందరు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఒకే వయసున్న 28 మాడ్యూళ్లలో నాలుగు అలిసిపోయాయంటే మిగతావీ ఆ దారిలోనే ఉన్నట్టు. పెట్టిస్తే కొత్త సెల్స్‌తో వచ్చే పూర్తి ప్యాకే పెట్టించాలి.

ఇంజన్ విషయంలో నాకు టెన్షన్ లేదు. దీనికి బెల్టులు లేవు, విడిగా స్టార్టర్, ఆల్టర్నేటర్ లేవు. నీళ్ల పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. స్పీడు తగ్గించే పని ఎక్కువభాగం మోటారే చూసుకుంటుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు మొదటిసారి మార్చింది 1,90,000 దగ్గర. మూడో తరం వాడేవాళ్లు ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. ఈజీఆర్ కూలర్ (ఇంజన్ పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేముందు చల్లార్చే భాగం) మసితో పూడుకుపోతుంది. పట్టించుకోకపోతే అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య సీలు) పోయేదాకా తెస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ దడదడ వణికితే, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటే ఆలస్యం చేయొద్దు. నేను 1,50,000 దగ్గర ఒకసారి, 2,30,000 దగ్గర ఇంకోసారి విప్పించి కడిగించాను. ఇప్పటివరకు వణుకు లేదు, కూలెంట్ చుక్క తగ్గలేదు.

ఇక కొత్తది. నడపడానికి చాలా బాగుంది, అందులో రెండో మాట లేదు. నా 1.8 లీటర్ల కారుకి మోటారుతో కలిపి 134 హార్స్‌పవర్ ఉంటే, ఆ 2.0 లీటర్లదానికి 194. హైవే ఎక్కేటప్పుడు నా కారు ఇంజన్ అరిచినట్టు అది అరవదు. లారీని దాటాలంటే ముందుగా మనసులో లెక్క వేసుకోనక్కర్లేదు.

అయితే నన్ను నిజంగా కదిలించింది పవర్ కాదు. నాలుగోరోజు సాయంత్రం, ఆగి ఉన్న రెండు వ్యాన్ల మధ్యలోంచి ఒక పిల్లాడు సైకిల్ మీద రోడ్డు మీదకొచ్చాడు. నా కాలు బ్రేకు మీదకు చేరేలోపే కారు బ్రేకు వేసేసింది. పిల్లాడికి ఏమీ కాలేదు, తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. నా పాత కారులో ఆ సౌకర్యం లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి, మార్చేద్దాం అని మా ఆవిడతో అన్నాను.

మర్నాడు అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కొత్త ప్రియస్ పాతదానికంటే దాదాపు 6 సెంటీమీటర్లు ఎత్తు తక్కువ, పైకప్పు వెనక్కి బాగా వాలి ఉంటుంది. వెనక డోరు తీసి తల వంచి, మోకాళ్లు మడిచి లోపలికి దిగడానికి ఆమె చాలా అవస్థ పడింది. ముందు సీట్లో కూర్చోబెట్టినా దిగేటప్పుడు నేను రెండు చేతులూ పట్టుకుని లేపాల్సి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు, "పాత కారే తీసుకురా నాన్నా" అంది. నా కారులో ఆమె ఎవరి సాయం లేకుండా ఎక్కుతుంది, దిగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే కనిపించేదీ పాతదానిలోనే ఎక్కువ.

అందుకే ప్రస్తుతానికి ఉంచుకున్నాం. పోయిన నెల కొత్త సెల్స్‌తో పూర్తి బ్యాటరీ ప్యాక్ పెట్టించాను. ఇప్పుడు 14 బ్లాకులూ ఒకేలా పడి ఒకేలా లేస్తున్నాయి. ఫిల్టరు ఇకనుంచి ప్రతి మూడు నెలలకూ తీసి చూస్తాను. ఇంజన్ వణుకు మొదలైతే మాత్రం దీని మీద ఇక ఖర్చు పెట్టను.

మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటోంది. వచ్చే ఏడాది లైసెన్సు వస్తే రాత్రిళ్లు ఒంటరిగా నడపాల్సి ఉంటుంది. తనంతట తానే బ్రేకు వేసే కారు అప్పుడు తప్పకుండా కావాలి. అది ప్రియసే కానక్కర్లేదు, కొరొల్లా క్రాస్ లాంటి కాస్త ఎత్తున్న హైబ్రిడ్ చూస్తాం. టెస్ట్ డ్రైవ్‌కి అమ్మను కూడా తీసుకెళ్లి, వెనక సీట్లో కూర్చోబెట్టి చూశాకే బుక్ చేస్తాం.