ఆర్మ్ గ్నూ టూల్‌చెయిన్: ఏళ్ల తరబడి వాడాక

ఆర్మ్ డిజైన్‌తో వచ్చే చిన్న కార్టెక్స్-ఎం చిప్‌ల మీద నడిచే ఫర్మ్‌వేర్‌ను (పరికరంలోనే ఉండే ప్రోగ్రామ్‌ను) సోర్స్ నుంచి బిల్డ్ చేయడానికి కొన్నేళ్లుగా ఈ టూల్‌చెయిన్‌లోని ఆర్మ్-నన్-ఈఏబీఐ జీసీసీ కంపైలర్‌నే వాడుతున్నాను. కంపైలర్, బిన్‌యుటిల్స్ (లింకర్, అసెంబ్లర్ లాంటివి), న్యూలిబ్ (సీ లైబ్రరీ), జీడీబీ (డీబగ్గర్) అన్నీ కలిసే వస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్స్ సర్వర్ గొడవ లేదు. కంపైలర్‌గా దీనికి వంక పెట్టలేను. కష్టమంతా సెటప్‌లోనే ఉంది. మెషీన్‌లో ఏ వెర్షన్ ఉంటే దాంతో కానిచ్చేద్దాం అనుకుంటే మాత్రం ప్రతి అప్‌డేట్‌కీ టెన్షనే.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఫ్లోట్ ఏబీఐ, అంటే దశాంశ అంకెలను ఫంక్షన్లకు ఎలా అందించాలనే ఒప్పందం. ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు చేసే యూనిట్) ఉన్న కార్టెక్స్-ఎం4కి 'హార్డ్' పెడితే ఫ్లోట్ ఆర్గ్యుమెంట్లు ఎఫ్‌పీయూ రిజిస్టర్లలో వెళ్తాయి. 'సాఫ్ట్ఎఫ్‌పీ' పెడితే లెక్కలు ఎఫ్‌పీయూలోనే జరిగినా ఆర్గ్యుమెంట్లు మామూలు రిజిస్టర్లలో వెళ్తాయి. మా ప్రాజెక్టుకు ఒక సెన్సర్ కంపెనీ సోర్స్ లేకుండా ఇచ్చిన లైబ్రరీ రెండో రకానిది, మా కోడ్ మొదటి రకానిది. ఒక ఫైలు వీఎఫ్‌పీ (అంటే ఎఫ్‌పీయూ) రిజిస్టర్ ఆర్గ్యుమెంట్లు వాడుతోంది, ఇంకొకటి వాడటం లేదు అంటూ, ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్ కట్టే లింకర్ మొండికేసింది. అలా ఆపడం మంచిదే, లేకపోతే తప్పుడు అంకెలతో పరికరం నడిచేది. చివరికి బిల్డ్ మొత్తాన్ని సాఫ్ట్ఎఫ్‌పీకి మార్చాం.

అసలు ప్రమాదం లింకర్ నోరు మెదపని చోట ఉంది. సీపీయూ, థంబ్ (ఆర్మ్‌లో కుదించిన ఇన్‌స్ట్రక్షన్ల రకం) ఆప్షన్లు కంపైల్‌కి ఇచ్చి లింక్‌కి ఇవ్వకపోతే ఆర్మ్ మోడ్‌లో కట్టిన డిఫాల్ట్ లైబ్రరీ వచ్చి అతుక్కుంటుంది. కార్టెక్స్-ఎంకి థంబ్ తప్ప ఇంకేదీ రాదు కాబట్టి బోర్డు మీద సరాసరి ఫాల్ట్‌లో పడుతుంది. అందుకే కొత్త ప్రాజెక్టులో ముందు చేసే పని, అవే ఆప్షన్లతో 'ప్రింట్-మల్టీ-డైరెక్టరీ' అని కంపైలర్‌నే అడగడం. ఏ లైబ్రరీ ఫోల్డర్ ఎంచుకుందో చెప్తుంది. ఒట్టి చుక్క ఒక్కటే వస్తే ఆప్షన్లు కుదరలేదని అర్థం.

న్యూలిబ్‌కు చిన్న రూపమైన న్యూలిబ్-నానో నాకు చాలా ఇష్టం, ఫ్లాష్ మెమరీ బాగా మిగులుతుంది. దాని ప్రింట్ఎఫ్‌లో ఫ్లోట్ సపోర్ట్ మామూలుగా ఉండదు, లింకర్‌కి విడిగా చెప్పాలి. కొన్ని లినక్స్‌లలో కంపైలర్ ఒక ప్యాకేజీ, న్యూలిబ్ వేరే ప్యాకేజీ. రెండోది లేకపోతే హెడర్లే దొరకవు.

బిల్డ్‌ను నడపడానికి సీమేక్ వాడేవాళ్లకు ఒక మాట: టూల్‌చెయిన్ ఫైల్‌లో సిస్టమ్ పేరు 'జెనెరిక్' అని పెట్టి, ట్రై-కంపైల్ టార్గెట్‌ను స్టాటిక్ లైబ్రరీగా మార్చండి. ఆ సదుపాయం సీమేక్ 3.6 నుంచి ఉంది. లేకపోతే సీమేక్ పరీక్ష కోసం పూర్తి ప్రోగ్రామ్ లింక్ చేయబోయి, కంపైలరే పనిచేయడం లేదని తేల్చేస్తుంది.

వెర్షన్ మార్పులు చెప్పాలంటే, 2020లో జీసీసీ 10 'నో-కామన్'ను డిఫాల్ట్ చేసింది, అంటే ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండు ఫైళ్లలో ఉంటే ఇక కలిపేయదు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా రాసిన గ్లోబల్ వేరియబుల్స్ ఉన్న పాత కోడ్ అంతా మల్టిపుల్ డెఫినిషన్ ఎర్రర్లతో ఆగిపోయింది. సరైన మార్పే, తప్పు ఆ కోడ్‌దే. 2022లో బిన్‌యుటిల్స్ 2.39తో వచ్చిన ఆర్‌డబ్ల్యూఎక్స్ సెగ్మెంట్ (చదవడం, రాయడం, నడపడం మూడూ కుదిరే మెమరీ భాగం) వార్నింగ్‌ను చాలామంది ఆప్షన్‌తో నొక్కేస్తారు. లింకర్ స్క్రిప్ట్‌లో సెక్షన్లను సరిచేయడమే నాకు నచ్చిన దారి.

ఇప్పుడు వెర్షన్ నంబరూ, ఆర్కైవ్ చెక్‌సమ్మూ, ఆప్షన్లూ అన్నీ సోర్స్ పక్కనే రిపోలో ఉంచుతాం, బిల్డ్ కంటైనర్‌లో జరుగుతుంది. ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్‌తో ఫోల్డర్ పేర్లు, సోర్స్-డేట్-ఎపాక్‌తో తేదీ స్థిరం చేశాక రెండు వేర్వేరు మెషీన్ల నుంచి బైట్ తేడా లేని బైనరీ వస్తోంది. పాత పరికరానికి ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు నాకు కావాల్సింది ఇదే. ఎల్‌టీఓ (లింక్ సమయంలో మొత్తం కోడ్‌ను కలిపి మెరుగుపరిచే ఆప్షన్) మాత్రం ఇంకా ఆన్ చేయలేదు. అసెంబ్లీ స్టార్టప్‌లోని వీక్ (మనం రాసింది లేకపోతేనే వాడే) హ్యాండ్లర్ల వల్ల మన సీ ఇంటరప్ట్ ఫంక్షన్లు ఎగిరిపోయే అవకాశం ఉంది, ఆదా అయ్యే కాస్త ఫ్లాష్ కోసం అంత రిస్క్ అక్కర్లేదు.