4.14 నుంచి 5కి: ఓక్యామల్ కొత్త రన్‌టైమ్‌తో నా అనుభవం

ఓక్యామల్ అనే ప్రోగ్రామింగ్ భాష 5.0 వెర్షన్ వచ్చింది 2022 డిసెంబర్‌లో. ఆ వారంలోనే ఇన్‌స్టాల్ చేశాను. కానీ రోజూ రాత్రి నడిచే అసలు పనిని దాని మీదికి మార్చింది 2024 మేలో 5.2 వచ్చాకే. ఆ ఏడాదిన్నరలో ఏం ఎదురైందో, ఎందుకు ఆగానో, ఇప్పుడు ఎలా నడుస్తోందో రాస్తున్నాను. ఇంకా 4.14 మీదే ఉండి, మారాలా వద్దా అని చూస్తున్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు నా ప్రోగ్రామ్ సంగతి. సర్వర్లు రాసే లాగ్ ఫైళ్లు చదివి, ఒక్కో రిక్వెస్ట్ ఎక్కడెక్కడ తిరిగిందో కలిపి, ఆలస్యం ఎక్కడ జరిగిందో తేలుస్తుంది. 4.02 రోజుల్లో మొదలుపెట్టాను. ఇన్నేళ్లు ఈ భాషను వదలకపోవడానికి పెద్ద కారణం ఒకటుంది. టైప్‌లో కొత్త కేసు ఒకటి చేరిస్తే చాలు, దాన్ని మర్చిపోయిన ప్రతి ప్యాటర్న్ మ్యాచ్‌నీ కంపైలర్ లైను నంబరుతో సహా చూపిస్తుంది. అవన్నీ సరిచేసేసరికి సగం పని అయిపోయినట్టే. పాత కోడ్‌ను భయం లేకుండా ముట్టుకోగలుగుతున్నానంటే అందుకే.

లోటల్లా ఒక్కటే ఉండేది. 4 సిరీస్‌లో ఎన్ని థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) పెట్టినా, ప్రోగ్రామ్‌ను లోపలి నుంచి నడిపించే రన్‌టైమ్ మొత్తానికీ ఒకే లాక్. అది ఎవరి చేతిలో ఉంటే ఆ థ్రెడ్డే ఓక్యామల్ కోడ్ నడుపుతుంది. నా 8 కోర్ల మెషీన్‌లో ఒక్క కోర్ చెమటోడుస్తుంటే మిగతా ఏడూ ఖాళీగా ఉండేవి. అందుకని ప్రాసెస్‌ను ఫోర్క్ చేసి (దాని నకళ్లు నడిపి), ఒక్కో ముక్క ఫలితాన్ని మార్షల్ చేసి (బైట్లుగా మార్చి), పైపులో పంపి మళ్లీ కలిపేవాణ్ణి. టేబుల్ పెద్దదైన రోజున ఆ కలపడానికే బోలెడు టైమ్ పట్టేది. 2022 జనవరిలో అన్ని కోర్లనూ ఒకేసారి వాడనిచ్చే మల్టీకోర్ కోడ్ అసలు కంపైలర్‌లో కలిసిందని తెలిసిన రోజు నాకు పండగే.

5.0 ఇన్‌స్టాల్ చేయడం తేలిక. ఓక్యామల్ ప్యాకేజీ మేనేజర్ ఓపామ్‌లో కొత్త స్విచ్ (విడి ఇన్‌స్టలేషన్) పెట్టుకుంటే పాతది చెక్కుచెదరదు, ఇబ్బంది వస్తే వెనక్కి వచ్చేయొచ్చు. బిల్డ్ చేయగానే మాత్రం ఎర్రర్లు వరసకట్టాయి. పర్వేసివ్స్ మాడ్యూల్ తీసేశారు, స్ట్రీమ్ తీసేశారు, స్ట్రింగ్‌లో పాత లోయర్‌కేస్ ఫంక్షన్ కూడా పోయింది. నిజానికి ఇవన్నీ వాడొద్దని కంపైలర్ కొన్నేళ్లుగా వార్నింగ్ ఇస్తూనే ఉంది, నేనే దాటేస్తూ వచ్చాను. ఒక మధ్యాహ్నంలో అన్నీ సర్దేశాను. స్ట్రీమ్ మీద ఆధారపడ్డ ఒక పాత పార్సర్ కోసం విడిగా ఉన్న క్యామ్ల్‌పీ స్ట్రీమ్స్ ప్యాకేజీ తెచ్చుకున్నాను.

అసలు తలనొప్పి ఓక్యామల్ నుంచి పిలవడానికి సీ భాషలో రాసుకున్న చిన్న బైండింగ్‌తో వచ్చింది. ఓక్యామల్ తన విలువలు పెట్టుకునే హీప్ అనే మెమరీకి బయటి పాయింటర్‌ను ఏ చుట్టూ లేకుండా నేరుగా ఓక్యామల్ విలువగా పట్టుకునే అలవాటు అందులో ఉంది. 4లో అది నడిచిపోయేది. 5లో దానికి అనుమతి లేదు, వాడకంలో లేని మెమరీని ఏరివేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని తన బ్లాకే అనుకుని లోపలికి తొంగిచూస్తుంది. ప్రోగ్రామ్ కాసేపు బాగానే నడిచి, ఒక్కసారిగా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగిపోయేది. ఎక్కడ పోతోందో తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మీ కోడ్‌లో సీ స్టబ్స్ (ఇలా సీలో రాసిన ముక్కలు) ఉంటే నాలా చేయకండి. ఇలాంటి పాయింటర్లను పట్టిచ్చే చెకర్‌తో 4.14నే బిల్డ్ చేసుకునే వీలుంది. ముందు అక్కడ శుభ్రం చేసుకుని, ఆ తర్వాతే 5కి రండి.

ఆ గండం గడిచాక, సమాంతరం జోలికి పోకుండా పాత కోడ్‌ను అలాగే నడిపి చూశాను. ఫలితాలు అక్షరం తేడా లేకుండా అవే, వేగం కూడా దాదాపు అంతే. ఈ రిలీజ్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునేది ఇదే. లోపల గార్బేజ్ కలెక్టర్‌ను సమూలంగా మార్చి కూడా, పైన ఉన్న మామూలు ప్రోగ్రామ్‌కు ఆ కుదుపు తెలియనివ్వలేదు.

తర్వాత ఫోర్క్ కోడ్ తీసేసి, డొమైన్‌స్‌లిబ్ అనే లైబ్రరీతో ఫైళ్లను డొమైన్లకు, అంటే 5లో వేర్వేరు కోర్ల మీద నిజంగా ఒకేసారి నడిచే పనివాళ్లకు, పంచాను. మొదటి రాత్రే నలభై నిమిషాల పని పది నిమిషాల లోపు ముగిసింది. ఆ సంతోషం తెల్లారేదాకానే. మొత్తం రిక్వెస్టుల సంఖ్య ఒక రన్‌లో ఒకలా, ఇంకో రన్‌లో ఇంకోలా వస్తోంది. తప్పు నాదే. అన్ని డొమైన్లూ ఒకే హ్యాష్‌టేబుల్‌లో రాసేలా పెట్టాను. ఒక డొమైన్ 41 చదివింది, ఇంకోటీ అదే సమయానికి 41 చదివింది, రెండూ 42 అని రాశాయి. ఒక లెక్క గాల్లో కలిసిపోయింది. ఒక్కో డొమైన్‌కు సొంత టేబుల్ ఇచ్చి చివర్లో కలిపాను, ఉమ్మడిగా ఉండే లెక్కలకు, చదివి రాయడాన్ని మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే అడుగులో చేసే అటామిక్ వాడాను. అంకెలు కుదురుకున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంత తప్పు చేసినా ప్రోగ్రామ్ కూలిపోలేదు, మెమరీ పాడవలేదు, కేవలం లెక్క తప్పింది. ఓక్యామల్ మెమరీ మోడల్ ఇచ్చే హామీ అదే. డేటా రేస్ (ఇలా ఒకే చోట ఇద్దరు అడ్డదిడ్డంగా రాయడం) ఉన్నా టైప్ భద్రత చెడదు. సీలో ఇదే తప్పు చేస్తే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

లేజీ విలువలతోనూ, అంటే మొదటిసారి అవసరమైనప్పుడే (ఫోర్స్ చేసినప్పుడే) లెక్కకట్టే వాటితోనూ, జాగ్రత్త. ఒకే లేజీ విలువను రెండు డొమైన్లు ఒకేసారి ఫోర్స్ చేస్తే, రెండోదానికి అన్‌డిఫైన్డ్ అనే ఎక్సెప్షన్ వచ్చే ప్రమాదం ఉంది. నా కాన్ఫిగరేషన్ మొత్తం లేజీగా లోడ్ అయ్యేది. వారానికోసారి ఎప్పుడో వచ్చే ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. డొమైన్లు మొదలుకాకముందే దాన్ని ఫోర్స్ చేసేస్తే సరిపోయింది.

ఇక నేను 5.2 దాకా ఎందుకు ఆగానంటే, మెమరీ వల్ల. నా ప్రోగ్రామ్ రాత్రి పెద్ద టేబుల్ కట్టి, సారాంశం తీసి, టేబుల్ వదిలేసి, పగలంతా చిన్న చిన్న ప్రశ్నలకు జవాబులిస్తూ ఉంటుంది. 4.14లో అవసరమైనప్పుడు కంపాక్షన్ (విలువలను దగ్గరికి జరిపి ఖాళీలు మూయడం) జరిగి, ఖాళీ అయిన మెమరీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్లేది. 5.0, 5.1లలో కంపాక్షన్ లేదు. రాత్రి ఎంత ఎత్తుకు ఎక్కిందో పగలు కూడా దాదాపు అక్కడే నిలబడేది. అదే మెషీన్‌లో ఇంకో సర్వీస్ ఉండడంతో ఇది భరించలేకపోయాను. 5.2లో కంపాక్షన్ తిరిగొచ్చింది. అయితే దానంతట అది జరగదు, జీసీ (గార్బేజ్ కలెక్టర్) మాడ్యూల్‌లోని కంపాక్ట్ ఫంక్షన్‌ను మనమే పిలవాలి. టేబుల్ వదిలేసిన వెంటనే ఒక్క లైను రాశాను, గ్రాఫ్ మళ్లీ కిందికి దిగింది. ఆ ఉదయమే 4.14ను ప్రొడక్షన్‌లోంచి తీసేశాను.

5.2లో నాకు దక్కిన ఇంకో మేలు డేటా రేస్‌లను పట్టిచ్చే థ్రెడ్ శానిటైజర్. దానితో బిల్డ్ చేసి టెస్టులు నడిపితే, పైన చెప్పిన లాంటి రేస్ ఉన్నచోట రెండు వైపులా ఏ లైన్లు ఢీకొంటున్నాయో చూపిస్తుంది. ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది, అయినా పర్వాలేదు. మొదట్లోనే ఇది ఉండి ఉంటే ఆ హ్యాష్‌టేబుల్ తప్పు గంటలో దొరికేది.

డొమైన్ల సంఖ్య విషయంలో ఒక సలహా. కోర్లకు మించి ఎప్పుడూ పెట్టకండి. చిన్న వస్తువులుండే మైనర్ హీప్‌ను శుభ్రం చేసేటప్పుడు డొమైన్లన్నీ ఒకచోట ఆగి, కలిసి ఆ పని చేస్తాయి. ఒక్కటి ఆలస్యమైనా మిగతావన్నీ ఎదురుచూడాలి. నేను 8 కోర్ల మీద 16 పెట్టి చూస్తే, వేగం పెరగాల్సింది పోయి తగ్గింది. ఇప్పుడు 7 వాడుతున్నాను. మైనర్ హీప్ డిఫాల్ట్‌గా 64 బిట్ మెషీన్‌లో 2 మెగాబైట్లు. దాన్ని 16 మెగాబైట్లకు పెంచాక అలా ఆగిపోవడం బాగా తగ్గింది.

5లో వచ్చిన ఎఫెక్ట్ హ్యాండ్లర్లను (ఎక్సెప్షన్‌లా మధ్యలో ఆపినా, ఆగిన చోటు నుంచి మళ్లీ కొనసాగించగలిగే ఏర్పాటు) నేరుగా తక్కువే వాడాను. 5.0లో వాటికి ప్రత్యేక సింటాక్స్ లేక ఫంక్షన్లతో కట్టాల్సి వచ్చేది, చదవడానికి కష్టంగా ఉండేది. 2025 జనవరిలో వచ్చిన 5.3తో ఎఫెక్ట్‌ను మామూలు మ్యాచ్‌లోనే ఒక కేసుగా రాసుకోవచ్చు, హాయిగా ఉంది. కానీ హ్యాండ్లర్ లేని ఎఫెక్ట్‌ను టైప్ చెకర్ పట్టదు, రన్‌టైమ్‌లో ఎక్సెప్షన్‌గానే తెలుస్తుంది. టైప్‌లను అంతగా నమ్ముకున్న నాకు ఇది నిజంగా వెలితి.

5.0 మామూలు రిలీజ్ కన్నా ప్రయోగాత్మకమని తయారుచేసినవాళ్లే ముందుగా చెప్పారు. నేరుగా ప్రాసెసర్ భాషలో కోడ్ ఇచ్చే నేటివ్ కంపైలర్ అప్పట్లో ఎక్స్86, ఆర్మ్ 64 బిట్‌లకే ఉండేది. మిగతా ప్రాసెసర్ రకాల్లో రిస్క్‌ఫైవ్ 5.1లో, పవర్ 5.2లో తిరిగొచ్చాయి. ఈలోగా 4.14ను గాలికి వదిలేయలేదు. 5.0 వచ్చిన నెలలోనే 4.14.1, 2024లో 4.14.2 ఇచ్చారు. నేను అన్నాళ్లు నింపాదిగా ఆగగలిగింది ఆ రిలీజుల వల్లే.

ఇప్పుడు 5.3 మీద ఉన్నాను. 5.4లో వచ్చిన మార్చలేని అర్రేల కోసం ఇంకో స్విచ్ పెట్టుకుని టెస్టులు నడుపుతున్నాను. ఒక పాత 32 బిట్ బోర్డు మాత్రం ఇంకా 4.14 మీదే ఉంది. 5లో 32 బిట్‌కు నేటివ్ కోడ్ లేదు, రన్‌టైమ్ చదువుతూ నడిపే బైట్‌కోడ్ వేగం దానికి చాలదు. ఆ బోర్డు పాడయ్యేదాకా ఆ స్విచ్‌ను తీసేయను.