పో మైదానంలో మౌంటెన్ బైక్: మాంతోవా, ఫెర్రారా, ఎవుగానేయి దారుల్లో ఏది మేలు?

ఉత్తర ఇటలీలో పో నదికి ఇరువైపులా పరుచుకున్న మైదానంలో రోజంతా సైకిలు తొక్కినా, కాలువల మీది వంతెనలూ నది కరకట్టలూ తప్ప ఎక్కవలసిన ఎత్తు ఏదీ కనిపించని దారులు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి చోట మౌంటెన్ బైక్ ఎందుకన్న అనుమానం సహజమే. అయితే ఆ సైకిలుకు కొండలే అక్కరలేదు. తారు లేని నేల ఉంటే దాని ప్రయోజనం దానికి ఉంటుంది. మైదానంలో మనిషిని అలసటకు గురిచేసేవి ఎదురుగాలి, ఎండ, దారి గరుకుదనం, వీటన్నిటికంటే ఎక్కువగా గంటల తరబడి మారని దృశ్యం. కాబట్టి ఇక్కడ దారిని ఎంచుకునేటప్పుడు ఎత్తుపల్లాల పటం చూడడం కంటే, నేల ఎలాంటిదో, ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎంతో చూసుకోవడం అవసరం. ఈ రెండు కొలతలతోనూ, ఊళ్లలో చూడదగినది ఎంత ఉందన్నదానితోనూ మూడు దారులను ఇక్కడ బేరీజు వేస్తున్నాను: గార్దా సరస్సు నుంచి మించో నది వెంట మాంతోవాకూ, అక్కడి నుంచి సబ్బియొనేతాకూ వెళ్లేది ఒకటి, ఫెర్రారా జిల్లాలో పో నది కుడి కరకట్ట మీదుగా సముద్రం దాకా సాగేది రెండవది, పాదువా దక్షిణాన ఎవుగానేయి కొండల చుట్టూ తిరిగి కోట ఊళ్లను కలిపేది మూడవది.

ముందుగా నేల సంగతి. పో నది 652 కిలోమీటర్ల పొడవున ప్రవహించి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. దిగువ భాగంలో దానికి రెండు వైపులా ఎత్తైన కరకట్టలు ఉన్నాయి. కరకట్ట మీద కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల కంకర ఉంటుంది. కరకట్టకూ నదికీ మధ్యనున్న లంక భూముల్లో కాగితానికీ ప్లైవుడ్డుకూ పెంచే పోప్లార్ చెట్లు వరుసలు తీరి కనిపిస్తాయి. ఆ వరుసల మధ్య ట్రాక్టర్లు తిరిగే మట్టి బాటలే మైదానంలో మౌంటెన్ బైక్‌కు అసలైన చోటు. కరకట్టకు అవతల, మొక్కజొన్న, గోధుమ, లూసర్న్ గడ్డి చేల మధ్య సాగే కంకర దారులు మూడో రకం. వాన కురిసిన మరునాడు మట్టి బాటలోకి దిగడం మాత్రం మంచిది కాదు. ఇక్కడి బంకమట్టి మన నల్లరేగడిలాగే చక్రాన్ని పట్టుకుని వదలదు, టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్నే నిలబెట్టేస్తుంది. ఒకటి రెండు రోజులు ఎండ కాసిన తర్వాత అదే బాట గట్టిపడి, ట్రాక్టరు చక్రాల గాళ్లతో సహా ఎండిపోతుంది. అప్పుడు ముందు చక్రానికి సస్పెన్షన్ ఉన్నవారికే సుఖం.

మించో దారి గార్దా సరస్సు దక్షిణపు కొసన ఉన్న పెస్కియేరాలో మొదలై మాంతోవా దాకా సుమారు 45 కిలోమీటర్లు ఉంటుంది. సరస్సు నీటి మట్టం సముద్ర మట్టానికి 65 మీటర్ల ఎత్తున ఉంటే మాంతోవా 19 మీటర్ల ఎత్తున ఉంది, అంటే దారి పొడవునా కిలోమీటరుకు దాదాపు ఒక మీటరు చొప్పున దిగుతూ వెళ్తాం. కాలికి తెలియని ఈ వాలు ఎదురుగాలి లేని రోజున ఎంతో మేలు చేస్తుంది. దారి ఎక్కువ భాగం తారు వేసిన సైకిల్ బాట కావడం వల్ల పిల్లలతో వచ్చిన కుటుంబాలు కూడా తిరుగుతుంటాయి. ఆదివారాల్లో వేగంగా పోవాలనుకునేవారికి విసుగు తప్పదు. పెస్కియేరా వెనిస్ గణరాజ్యం కట్టించిన నీటి కోట. 2017లో యునెస్కో జాబితాకెక్కిన వెనీషియన్ రక్షణ కట్టడాలలో అదీ ఒకటి. అక్కడి నుంచి దక్షిణంగా వస్తే బొర్గెత్తో అనే చిన్న పల్లెలో పాత నీటి మరలు, వాటికి ఎగువన 1393లో మిలాను పాలకుడు జాన్ గలెయాత్సో విస్కొంతి కట్టించిన పొడవైన కోటవంతెన కనిపిస్తాయి. మించో నీటిని మళ్లించి మాంతోవాకు రక్షణగా ఉన్న సరస్సులను ఎండగట్టాలన్నది అతని పన్నాగమని చెబుతారు. ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఇంత చిన్న నది కోసం అంత పెద్ద కట్టడమా అనిపిస్తుంది.

మాంతోవాలోకి ప్రవేశించే తీరు ఈ దారికి ఉన్న అన్నిటికంటే పెద్ద ఆకర్షణ అని నా అభిప్రాయం. 12వ శతాబ్దంలో మించో నీటిని మలచి ఏర్పరచిన సరస్సులు నగరాన్ని మూడు వైపులా చుట్టి ఉంటాయి. పై సరస్సులో 1921లో నాటిన తామర నేడు విపరీతంగా పెరిగి జూలై, ఆగస్టు నెలల్లో నీటిని కప్పేస్తుంది. గొంజాగా వంశం ఈ నగరాన్ని 1328 నుంచి 1707 దాకా ఏలింది. వారి కోటలోని ఒక చిన్న గదికి ఆండ్రియా మాంతేన్యా 1465 నుంచి 1474 వరకు రంగులద్దాడు. పైకప్పు నడుమ గుండ్రటి ఆకాశం వేసి, దాని అంచు మీద నుంచి లోపలికి తొంగిచూసే ముఖాలను చిత్రించాడు. నగరం చివర జూలియో రొమానో 1525లో మొదలుపెట్టిన పలాత్సో తె అనే భవనం ఉంది. ఈ రెండూ చూడాలంటే సైకిలుకు ఒక పూట సెలవివ్వాలి. చాలా మ్యూజియాల్లాగే, ఆ కోట ఉన్న రాజప్రాసాదానికి కూడా సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు ఊరు చేరేలా ప్రణాళిక వేసుకోకూడదు. నగరం నడిబొడ్డున ఉన్న పియాత్సా సొర్దెల్లో అనే కూడలిలో నది గుండ్రాళ్లు పరిచి ఉంటాయి. సన్నటి టైర్ల సైకిళ్లవాళ్లు దిగి నడుస్తుంటే, లావు టైర్లున్నవాళ్లు తొక్కుకుంటూనే సాగిపోవచ్చు.

మాంతోవా నుంచి సబ్బియొనేతా సుమారు 35 కిలోమీటర్లు. తారు బాట ఇక్కడితో ఆగిపోయి, పొలాల మధ్య చిన్న రోడ్లు, కరకట్టలు, కంకర దారులు మొదలవుతాయి. కొంచెం చుట్టుదారి పట్టి ఒల్యో నది పోలో కలిసే చోటికి దగ్గరగా వెళ్తే, తొర్రె దొల్యో వద్ద పడవల వంతెన కనిపిస్తుంది. వరుసగా కట్టిన పడవల మీద పలకలు పరిచి, నదితో పాటు లేచి దిగేలా అమర్చినది. సబ్బియొనేతా మరీ విచిత్రమైన ఊరు. వెస్పాజియానో గొంజాగా 16వ శతాబ్దం రెండవ సగంలో, తన ఊహకు తగిన ఆదర్శ నగరాన్ని చదునైన పొలాల నడుమ నక్షత్రాకారపు ప్రాకారంతో కట్టించుకున్నాడు. విన్‌చెంత్సో స్కామోత్సి 1588–1590 మధ్య కట్టిన నాటకశాల అక్కడ నేటికీ నిలిచి ఉంది. ప్రాకారం బయట మొక్కజొన్న, లోపల చతురస్రపు వీధులు, పాలరాతి శిల్పాలు. మాంతోవాతో కలిపి 2008లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ ఊళ్లో సాయంత్రం తర్వాత తెరిచి ఉండే దుకాణాలు చాలా తక్కువ. రాత్రి అక్కడే ఉండాలనుకుంటే బసను ముందే చూసుకోవాలి.

ఇక ఫెర్రారా. నగరం విషయంలో ఇది మాంతోవాకు తీసిపోదు. సైకిలు విషయంలో దానికంటే ఒక మెట్టు పైనే. ఇక్కడ పెద్దవాళ్లు కూరగాయల సంచిని హ్యాండిలుకు తగిలించుకుని తీరికగా తొక్కుతూ పోతారు; సైకిలు ఇక్కడ వ్యాయామ సాధనం కాదు, ఇంటి సామాను. సుమారు 9 కిలోమీటర్ల పొడవున నగరాన్ని చుట్టిన ప్రాకారం వెంట మట్టి బాట ఉంది; ఊరి లోపలే మౌంటెన్ బైక్‌కు పని కల్పించే చోటు ఇదొక్కటే. ఫెర్రారాను ఏలిన ఎస్తె వంశపు డ్యూకు మొదటి ఎర్కొలె కోరిక మేరకు బియాజో రొస్సెత్తి 1492 నుంచి పాత ఊరికి ఉత్తరాన కొత్త నగరాన్ని విశాలమైన వీధులతో జతచేశాడు. 1598లో నగరం పోపు ఏలుబడిలోకి వెళ్లాక ఎస్తె వంశం మోదెనాకు తరలిపోయింది. రొస్సెత్తి వీధుల నుంచి పాత ఊళ్లోని కమానుల గొంది వియా దెల్లె వొల్తెలోకి దిగితే, గుండ్రాళ్ల మీద దంతాలు కొట్టుకునేంత కుదుపు.

ఫెర్రారా జిల్లా పశ్చిమ అంచున స్తెల్లాతా కోట నుంచి సముద్రపు అంచున గొరీనో వరకు కుడి కరకట్ట మీదుగా సాగే దారి దాదాపు 120 కిలోమీటర్లు. చాలా భాగం కరకట్ట శిఖరం మీదనే. ఒక పక్క నది, మరో పక్క కిందుగా పొలాలూ పెంకుటిళ్ల కప్పులూ. వరద రోజుల్లో నదిలోని నీరు ఆ ఇళ్ల కంటే ఎత్తున పారుతుందన్న సంగతి అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 1951 నవంబరులో ఫెర్రారాకు ఎదుటి గట్టునున్న ఒక్కియొబెల్లో వద్ద కరకట్ట తెగి పొలేజినె ప్రాంతం మునిగిపోయింది. వేలాది కుటుంబాలు శాశ్వతంగా ఊళ్లు వదిలి వెళ్లాయి. దిగువకు వెళ్లే కొద్దీ సముద్ర మట్టం కంటే కిందనున్న పొలాలు వస్తాయి; పంపులు నిరంతరం నీటిని తోడకపోతే అవి తిరిగి మడుగులవుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చినవారు ఈ దృశ్యాన్ని కొత్తగా చూడరు. ఆ పోలికకు చారిత్రక ఆధారం కూడా లేకపోలేదు: రిచర్డ్ బైర్డ్ స్మిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1850ల తొలినాళ్లలో ఉత్తర ఇటలీలోని పియెమోంతె, లొంబార్దీ కాలువల మీద నివేదిక రాశాడు, ఆ తర్వాత కావేరి, కృష్ణ, గోదావరి నదుల నీటిపారుదల పనుల మీద కూడా ఆయనే రాశాడు.

దారిగా చూస్తే మాత్రం దీనికి రెండు లోపాలున్నాయి. కరకట్ట మీద నీడ లేదు, నీళ్లు దొరికే చోట్లూ అరుదు. వేసవిలో ఉదయం పది దాటాక ఇది శిక్షే. రెండవది, ఊళ్లు దూరదూరంగా ఉన్నాయి, ఉన్నవీ చాలావరకు చూడదగిన చరిత్ర లేని చిన్న పల్లెలు. దారి వదిలి పక్కకు వెళ్తే 11వ శతాబ్దపు గంటగోపురంతో పొంపోజా మఠం, 1634 నాటి మెట్ల వంతెనతో కాలువల ఊరు కొమాక్కియో ఉన్నాయి; అవి చేరాలంటే అదనంగా ఒక రోజు కేటాయించాలి. ఏకాంతం కోరేవారికి, కొంగలనూ నీటిపక్షులనూ చూస్తూ మౌనంగా గంటల కొద్దీ తొక్కగలవారికి ఇంతకు మించిన దారి లేదు. మిగిలినవారికి రెండో రోజుకే మొహం మొత్తుతుంది.

మూడవది వేరే స్వభావం గలది. చదునైన నేల మీద నుంచి ఉన్నట్టుండి లేచిన అగ్నిపర్వత శేషాలు ఎవుగానేయి కొండలు. వీటిలో అన్నిటికంటే ఎత్తైన వెందా 601 మీటర్లు. వీటి చుట్టూ 60 కిలోమీటర్లకు పైబడిన వలయాకారపు దారి దాదాపు పూర్తిగా చదునుగా, కాలువల వెంట సాగుతుంది. కాళ్లకు పని కావాలనుకున్నప్పుడు లోపలికి తిరిగి ద్రాక్షతోటలూ చెస్ట్‌నట్ అడవుల మధ్య రాళ్ల బాటలు ఎక్కవచ్చు. కవి పెత్రార్క్ చివరి ఏళ్లు గడిపి 1374లో కన్నుమూసిన అర్క్వా ఊరు ఆ వాలు మీదే ఉంది. వలయానికి దక్షిణపు అంచున మొన్సేలిచె, ఎస్తె అనే ఊళ్లు. అక్కడి నుంచి పశ్చిమంగా పొలాల మీదుగా వెళ్తే మొంతన్యానా. సుమారు 2 కిలోమీటర్ల ఇటుక గోడ, దానికి 24 బురుజులతో చెక్కుచెదరకుండా నిలిచిన మధ్యయుగపు ప్రాకారం అది. ఊళ్లు దగ్గరగా ఉన్నాయి, నేల మారుతూ ఉంటుంది, నీడ దొరుకుతుంది. మాంతోవా, ఫెర్రారాలకు సాటివచ్చే నగరం మాత్రం ఈ వలయంలో లేదు.

సైకిలు ఎంపిక దారిని బట్టి తేలిపోతుంది. ఎవుగానేయి కొండల లోపలికి వెళ్లేవారికి మౌంటెన్ బైక్ తప్పనిసరి. ఫెర్రారా కరకట్టకు అది అనవసరపు బరువు. పళ్ల టైర్లు తారు మీద మోత మోగిస్తూ వేగాన్ని మింగేస్తాయి కాబట్టి కంకర దారులకు తగినట్టు 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ బైక్ చాలు. మాంతోవా దారిలో లంక బాటల్లోకి దిగాలనుకుంటే మౌంటెన్ బైక్, లేకుంటే ఏ సైకిలైనా ఫరవాలేదు. అద్దెకు తీసుకునేటప్పుడు సస్పెన్షన్‌ను బిగించే మీట పనిచేస్తోందో లేదో ముందే నొక్కి చూడాలి. పనిచేయకపోతే తారు మీద ప్రతి తొక్కుడుకూ ముందు భాగం ఊగి శ్రమ వృథా అవుతుంది. కంచెలు కత్తిరించిన రోజుల్లో రొబీనియా ముళ్లు బాట మీద రాలి ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటే మంచిది, లేకపోతే రెండు ట్యూబులు వెంట ఉంచుకోవాలి.

ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలలు అనువైనవి. ఆగస్టులో ఉక్క, దోమలు. నవంబరు నుంచి పొగమంచు, కరకట్ట మీద పది అడుగుల దూరం కూడా కనిపించని ఉదయాలుంటాయి. శాకాహారులకు ఈ మైదానం అనుకున్నంత ఇబ్బంది పెట్టదు. మాంతోవాలో గుమ్మడికాయ గుజ్జు నింపి, వెన్నా సేజ్ ఆకులతో వడ్డించే తొర్తెల్లి అనే పాస్తా దొరుకుతుంది. ఫెర్రారాలోని కప్పెల్లాచ్చి కూడా గుమ్మడిదే, కానీ దాన్ని తరచుగా మాంసం సాస్‌తో పెడతారు కాబట్టి వెన్నతో కావాలని ముందే చెప్పాలి. మించో దారిలో బొర్గెత్తో పక్కనున్న వలెజ్జోలోని తొర్తెల్లీనిలో మాత్రం మాంసమే ఉంటుంది.

ఒకే దారికి సమయం ఉన్నవారు మాంతోవా, సబ్బియొనేతాలనే ఎంచుకోవాలని నా సలహా; నేలలో వైవిధ్యం, ఊళ్ల మధ్య దూరం, ఊళ్లలో చూడదగిన విశేషాలు, మూడూ సమానంగా కలిసివచ్చిన దారి అదొక్కటే. కొండ ఎక్కకపోతే సైకిలు తొక్కినట్టే కాదనుకునేవారికి ఎవుగానేయి. ఫెర్రారాను నగరంగా చూసి, కరకట్ట మీద ఒక్క ఉదయం తొక్కి వెనుదిరిగినా నష్టం లేదు. వారం రోజుల వ్యవధి ఉంటే మొదటి రెండు ఎంపికల మధ్య తగవు అక్కరలేదు: మొన్సేలిచె నుంచి ఎస్తె, మొంతన్యానాల మీదుగా మాంతోవాకు ప్రాంతీయ రైలు మార్గం ఉంది. సైకిలు గుర్తు ఉన్న రైలును చూసుకుని, సైకిలుకు వేరే టికెట్టు కొని ఎక్కితే, కొండల చుట్టూ తిరిగి మొంతన్యానాలో తొక్కడం ఆపినవారు అదే సాయంత్రానికి మాంతోవా సరస్సుల ఒడ్డున ఉండవచ్చు.